రాత్రి తొమ్మిది గంటల ఎండ: ఒంగోలులో ఒక శ్లాబ్ ఇంటి కేస్ స్టడీ

ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది మధ్యాహ్నం రెండింటికి కాదు, రాత్రి తొమ్మిదింటికి. ఎండలో తిరగలేదు, రోజంతా ఇంటి గడప దాటలేదు. అన్నం తిని పడకగదిలోకి వెళ్ళి, మంచం మీద కూర్చోబోతూ పక్కకి ఒరిగిపోయింది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించి, ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గిపోయాయనీ, వేడికి తట్టుకోలేకపోయిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే వడదెబ్బ దాకా పోయేదనీ డాక్టరు చెప్పారట. "ఇంట్లోనే ఉంది కదండీ, వడదెబ్బ ఎట్టా తగులుద్ది?" అని ఆమె భర్త, మాస్టారు, అడిగిన ప్రశ్నతోనే ఈ పని నా దగ్గరికి వచ్చింది.

నేను సివిల్ ఇంజినీర్‌ని. పంతొమ్మిదేళ్ళుగా ఒంగోలులోనూ చుట్టుపక్కలా ఇళ్ళు కట్టిస్తున్నాను. నాలుగైదేళ్ళుగా కొత్త ఇళ్ళ కన్నా, కట్టిన ఇళ్ళలో వేడి తగ్గించే పనులే ఎక్కువ చేస్తున్నాను. ఈ కేసుని వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ ఇల్లు ఎక్కడో ఒకచోట కనిపించే వింత ఇల్లు కాదు. మన జిల్లాలో వేలాదిగా ఉన్న ఇల్లే. మాస్టారి అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, చిరునామా మాత్రం వద్దన్నారు.

ఇల్లు, మనుషులు

కర్నూలు రోడ్డు వైపు ఒక కాలనీ. 2006లో కట్టిన ఒకే అంతస్తు ఇల్లు. వెయ్యి చదరపు అడుగుల శ్లాబ్, అయిదు అంగుళాల మందం. గోడలు తొమ్మిది అంగుళాల ఇటుక. మాస్టారికి 76 ఏళ్ళు, రిటైర్డ్ హైస్కూల్ టీచరు. ఆయన భార్య, నేను పిన్నిగారు అని పిలిచే ఆవిడకి 71, బీపీకి మాత్రలు వాడుతున్నారు. కొడుకు హైదరాబాదులో ఉంటాడు. సంఘటన జరిగిన మర్నాడే అతను ఫోన్ చేసి రెండు టన్నుల ఏసీ పంపిస్తానన్నాడు. ఏసీ కొనేముందు ఎవరైనా ఒకసారి ఇల్లు చూడాలని మాస్టారు పట్టుబట్టారు. ఆయన లెక్కల మాస్టారు, కారణం తేలకుండా జవాబు రాసే మనిషి కాదు.

ప్లాను పక్కా వాస్తు. ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్దవాళ్ళ పడకగది, శ్లాబ్ మీద నైరుతి మూలనే నల్ల ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు. పడకగదికి దక్షిణాన ఒక కిటికీ, పడమర ఒక కిటికీ. దక్షిణం కిటికీకి అడ్డంగా ఇనప బీరువా. బీరువా నైరుతిలో ఉండాలి, ఉత్తరానికి తెరుచుకోవాలి కాబట్టి దాని వీపు కిటికీకి ఆనించారు. ఆ కిటికీ తెరిచి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

మొదటి రోజు నేను వెళ్ళింది మధ్యాహ్నం పన్నెండున్నరకి. పిన్నిగారు హాల్లో కిటికీలన్నీ బార్లా తీసి, ఫ్యాను కింద కూర్చుని ఉన్నారు. "గాలి రావాలి కదమ్మాయ్" అన్నారు. వచ్చేది పడమటి గాలి, బట్టీ తలుపు తీస్తే కొట్టే సెగలాంటిది. సాయంత్రం ఆరున్నరకి మళ్ళీ వెళ్తే కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. దోమలు. పైగా వెనకింట్లో దొంగలు పడ్డారని భయం. ఆ సమయానికి వీధిలో కొత్తపట్నం వైపు నుంచి సముద్రపు గాలి మొదలై చల్లగా ఉంది. అది ఇంట్లోకి రావడానికి ఒక్క దారి కూడా లేదు.

ఇది చూసినప్పుడే సగం కేసు అర్థమైంది. కానీ నాకు అర్థమైతే సరిపోదు, మాస్టారికి అంకెలు కావాలి.

మూడు రోజుల లెక్క

గది ఉష్ణోగ్రత, తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్లు మూడు పెట్టాం. ఒకటి పడకగదిలో మంచం ఎత్తున, ఒకటి హాల్లో, ఒకటి బయట ఉత్తరం వరండా నీడలో. శ్లాబ్ అడుగునీ గోడల్నీ చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడాను. కోవిడ్ రోజుల్లో నుదుటికి చూపించేవాళ్ళు కదా, అలాంటిదే, ఎక్కువ వేడి కొలిచే రకం. రీడింగులు తీసే బాధ్యత మాస్టారు తీసుకున్నారు. రూళ్ళు గీసిన నోటు పుస్తకంలో, ఎర్ర సిరాతో గడులు కొట్టి, రాత్రి పన్నెండింటికీ తెల్లవారుజామున అయిదింటికీ కూడా లేచి రాశారు.

రెండో రోజు లెక్క ఇది. మధ్యాహ్నం రెండున్నరకి బయట నీడలో 41.5 డిగ్రీలు. పడకగదిలో 36, శ్లాబ్ అడుగున 38. అంటే ఆ వేళకి ఇల్లు బయటికన్నా నయమే. రాత్రి ఏడున్నరకి బయట 33.5కి దిగింది. పడకగదిలో 37.5. శ్లాబ్ అడుగున 43.5. పడమటి గోడ లోపలివైపు 39. అర్ధరాత్రి బయట 30, గదిలో 35.5, శ్లాబ్ 39.5. తెల్లవారి అయిదింటికి బయట 28, గదిలో ఇంకా 33.

మాస్టారు ఆ గడుల్ని వేలితో చూపిస్తూ, "చల్లబడటం మొదలయ్యేసరికి మళ్ళీ తెల్లారిపోతందమ్మాయ్" అన్నారు. సరిగ్గా అదే జరుగుతోంది.

కాంక్రీటు ఎండని వెంటనే లోపలికి వదలదు, తనలో దాచుకుంటుంది. పన్నెండు, రెండు మధ్య పైన పడిన ఎండ అడుగుకి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. ఈ ఇంటి శ్లాబ్ బరువు లెక్కకడితే సుమారు 28 టన్నులు. అది ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 7 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి కావాలి. పది డిగ్రీలు పెరిగితే 70 యూనిట్లు. ఆ వేడంతా సూర్యాస్తమయం తర్వాత కొంత ఆకాశంలోకి, కొంత మంచం మీదికి దిగాలి. మన చర్మం సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. 43 డిగ్రీల శ్లాబ్ కింద పడుకుంటే ఒంట్లో వేడి బయటికి పోవడం అటుంచి, పైనుంచే ఒంట్లోకి వస్తుంది. పిన్నిగారు నాకు మొదటి రోజే ఆ మాట చెప్పారు, ఇంజినీరింగ్ భాషలో కాదు: "పగలు ఎట్టనో గడిచిపోద్ది. రాత్రే, నెత్తిన ఎవురో కుంపటి పట్టుకుని నిలబడ్డట్టుంటది."

ఫ్యాను సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్యాను గాలిని చల్లబరచదు, చెమటని ఆరబెడుతుంది. చెమట ఆరితేనే చల్లదనం. గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను మేలు కన్నా కీడే చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్చరిస్తుంది. పైగా శ్లాబ్ కింద చేరిన అన్నింటికన్నా వేడి గాలినే అది కిందికి తోస్తుంది. ఒంట్లో నీళ్ళే లేని మనిషికి చెమట ఎక్కడి నుంచి వస్తుంది? పిన్నిగారి ఒంట్లో నీళ్ళు ఎందుకు లేవో తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

దక్షిణం గోడ గొడవ

కొడుకు ఎవరినో అడిగి, దక్షిణం గోడకి బయట ఇంకో గోడ కట్టిద్దామన్నాడు. దాదాపు ముప్పై వేల ఖర్చు. దక్షిణం అంటే ఎండ ఎక్కువని అందరి నమ్మకం. నేను ఒప్పుకోలేదు. ఒంగోలు ఉన్నది సుమారు 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, మన నీడ కాళ్ళ కిందే ఇమిడిపోతుంది. ఆ తర్వాత ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి కాస్త ఉత్తరానే ఉంటాడు. రోహిణి కార్తెలో దక్షిణం గోడ మీద సూటిగా ఎండే పడదు. అది చలికాలం ఎండ తినే గోడ. వేసవిలో దెబ్బంతా శ్లాబ్‌కి, ఆ తర్వాత పడమటి గోడకి. మాస్టారిని పన్నెండింటికి పెరట్లోకి తీసుకెళ్ళి చూపించాను. దక్షిణం గోడంతా సజ్జ నీడలో ఉంది. ముప్పై వేలు మిగిలాయి.

నైరుతి గది వేడిగా ఉండటానికి కారణాలు వేరు. పడమటి గోడ, దాని మీద ఆరింటిదాకా పడే ఏటవాలు ఎండ, నెత్తిన శ్లాబ్, మూసుకుపోయిన దక్షిణం కిటికీ. ఇక ఆగ్నేయపు వంటిల్లు. మన దగ్గర సాయంత్రం చల్లగాలి వచ్చేది తూర్పు ఆగ్నేయాల నుంచి. అంటే ఆ గాలి ముందు పొయ్యి మీదుగా వచ్చి తర్వాతే ఇంట్లోకి వస్తుంది. ఒక పెద్ద బర్నర్ పూర్తి మంట మీద ఉంటే సుమారు రెండు కిలోవాట్ల వేడి. సాయంత్రం ఏడింటికి అన్నం, కూర, చారు, పాలు. శ్లాబ్ బాగా కాగి ఉన్న వేళా, వంట వేళా ఒకటే.

వాస్తు తప్పని నేను ఎవరికీ చెప్పను. నమ్మకం మీద కట్టుకున్న ఇంటిని పగలగొట్టమనడం నా పని కాదు, ఉన్న ఇంట్లోనే దారి వెతకడం నా పని.

చేసిన పనులు

అన్నింటికన్నా ముందు శ్లాబ్. ఇరవై ఏళ్ళ నాచు పట్టి నల్లబడిన కాంక్రీటు, తన మీద పడే ఎండలో మూడింట రెండొంతులు తాగేస్తుంది. కొత్తగా వేసిన తెల్ల సున్నం తన మీద పడే ఎండలో నాలుగో వంతు కూడా తీసుకోదు. మార్కెట్లో కూల్ రూఫ్ పెయింట్లు ఉన్నాయి, మంచివే, కొన్నేళ్ళు ఉంటాయి. కానీ మాస్టారి బడ్జెట్ చూసి గుల్ల సున్నమే అనుకున్నాం. మన తాతల నాటి మద్రాసు టెర్రస్ ఇళ్ళ మీద, అంటే కర్ర దూలాల మీద ఇటుక, సున్నంతో కప్పు వేసిన ఇళ్ళ మీద, ఏటా కొట్టినది అదే కదా.

ఆ పని ఎలా చేశామో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది సున్నం కొట్టాం, నెలకే రాలిపోయింది అంటుంటారు. రాలేది సున్నం తప్పు వల్ల కాదు, తొందర వల్ల. ముందు శ్లాబ్‌ని ఇనప బ్రష్షుతో రుద్ది నాచు తీయించాం. పగుళ్ళు ఎక్కడున్నాయో సుద్దముక్కతో గీతలు గీసి, వాటిని పూడ్చి, రెండు రోజులు తడిపాం. గుల్ల సున్నం ప్లాస్టిక్ డ్రమ్ములో రాత్రంతా నానింది. సున్నం ఉడుకుతుంటే దగ్గరికి వంగకూడదు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పనివాళ్ళిద్దరికీ కళ్ళద్దాలు, గ్లౌజులు ఇచ్చాను. మర్నాడు పాత పంచెలో వడకట్టాం. ఆ పిండిలో గింజలు మిగిలితే అవే తర్వాత పొక్కులై లేస్తాయి. అయిదు కిలోల సున్నానికి కిలో వైట్ సిమెంటు, కొంచెం వాటర్‌ప్రూఫ్ జిగురు కలిపి, పలచటి మజ్జిగలా చేశాం. సాయంత్రం అయిదున్నర దాటాక, శ్లాబ్ మీద నీళ్ళు చల్లి, తడి ఇంకా ఉండగానే మొదటి పూత ఉత్తర దక్షిణాలుగా, రెండో పూత మర్నాడు సాయంత్రం తూర్పు పడమరలుగా కొట్టారు. కాలే శ్లాబ్ మీద మిట్టమధ్యాహ్నం కొడితే సున్నం పట్టకుండానే ఎండి పొడైపోతుంది. అందరూ చేసేది అదే. పిట్టగోడ లోపలివైపు కూడా వదల్లేదు. నల్ల ట్యాంకుకి తడిసిన గోనెపట్టాలు చుట్టి, పైన కొబ్బరాకులు కప్పి, దాని మీదా సున్నం చల్లించాను. మూడింటికి కుళాయి తిప్పితే చేయి కాలే నీళ్ళు వచ్చే బాధ ఆ వారంతోనే తగ్గింది.

రెండోది కిటికీలు. తెరిచే వేళ, మూసే వేళ తలకిందులు చేశాం. ఉదయం ఎనిమిదిన్నరకల్లా మూసేసి తెరలు దించాలి. సాయంత్రం గాలి తిరిగాక అన్నీ తీయాలి, తెల్లారే దాకా మూయకూడదు. చెప్పడానికి సులువు. పిన్నిగారికి పగలు కిటికీ మూస్తే ఊపిరాడదనిపించేది, రాత్రి తీస్తే నిద్రపట్టదు. ఆమె భయం నిజమైనదే కాబట్టి, మూడు కిటికీలకి దోమల జాలీ బిగించి, ఉన్న ఇనప గ్రిల్‌ని ఇంకో నాలుగు స్క్రూలతో గట్టి చేయించాం. నేను కూడా రెండు సాయంత్రాలు అక్కడే కూర్చుని, గాలి తిరిగిన నిమిషాన ఆమె చేతే కిటికీలు తీయించాను. మీటరు పక్కనే పెట్టాం. ఇరవై నిమిషాల్లో హాల్లో అంకె రెండు డిగ్రీలు దిగడం ఆమె కళ్ళతో చూశారు. ఆ తర్వాత నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

బీరువా మూడడుగులు పడమరకి జరిగింది. ఇంకా నైరుతిలోనే ఉంది, ఇంకా ఉత్తరానికే తెరుచుకుంటుంది, కానీ కిటికీకి మాత్రం అడ్డు లేదు. జరిపేటప్పుడు దాని వెనక దొరికిన 2009 క్యాలెండరు మాస్టారు చాలాసేపు చేతిలో పట్టుకుని చూశారు.

పడమటి గోడకి కొబ్బరాకు తడికలు. గోడకి ఆనించకుండా, వెదురు గుంజలు పాతి, అడుగున్నర దూరంలో కట్టాం. ఆ ఖాళీలో గాలి ఆడితేనే ఉపయోగం. ఎండుటాకు కాబట్టి వంటింటి వైపుకి రానీయలేదు, గ్యాసు సిలిండరుకి ఆమడ దూరం. పక్కనే సొర పాదు పెట్టించాను, వచ్చే వేసవికి అదే నీడ కావాలని.

ఇక నీళ్ళ సంగతి. పిన్నిగారు రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారో అడిగితే "బాగానే తాగతా" అనేవారు. మూడో రోజు సాయంత్రం, మాస్టారు లేనప్పుడు, నిజం చెప్పారు. సాయంత్రం నాలుగు తర్వాత ఆమె నీళ్ళు ముట్టరు. బాత్రూం పెరట్లో ఉంది. మూడు మెట్లు దిగాలి, లైటు లేదు, రెండేళ్ళ క్రితం ఒకసారి జారారు. రాత్రి లేవాల్సి వస్తుందని గొంతు తడారినా ఓర్చుకుంటారు. ఇది ఏ మీటరులోనూ కనపడదు. నేను ఇరవై ఇళ్ళల్లో అడిగాను, ఆడవాళ్ళలో ఈ అలవాటు చాలాచోట్ల ఉంది. రాత్రి తొమ్మిదింటికి 43 డిగ్రీల శ్లాబ్ కింద, అయిదు గంటలుగా నీళ్ళు తాగని, బీపీ మాత్ర వేసుకున్న మనిషి. మాస్టారి ప్రశ్నకి జవాబు ఇదే.

మెట్ల పక్కన పైపు కమ్మీ, మనిషి కదిలితే వెలిగే చిన్న ఎల్ఈడీ లైటు పెట్టించాం. మాత్రల విషయం నేను మాట్లాడలేదు. అది డాక్టరు పని. వేసవి నెలల్లో మోతాదు చూడమని ఆయన్నే అడగమన్నాను, ఆయన మార్చారు కూడా. బీపీ ఉంది కాబట్టి ఉప్పు మజ్జిగ ఎంత తాగొచ్చో కూడా ఆయన్నే అడిగారు. ఇప్పుడు సాయంత్రం కుండలో నీళ్ళు, మజ్జిగ తేట, అప్పుడప్పుడు సబ్జా గింజల నిమ్మరసం.

పనికిరాని పనులు

మూడు ఉన్నాయి, రెండు నా పొరపాట్లే.

వంటింటికి ఎగ్జాస్ట్ ఫ్యాను తూర్పు గోడకి పెట్టించాను, అక్కడ వెంటిలేటర్ రంధ్రం ముందే ఉందని. సాయంత్రం సముద్రపు గాలి సూటిగా ఆ రంధ్రంలోకే కొడుతుంది. ఫ్యాను బయటికి తోస్తుంటే గాలి లోపలికి తోస్తుంది, వంట పొగ రెండింటి మధ్యా తిరుగుతూ హాల్లోకి వచ్చేది. గాలి ఎటు వీస్తుందో ఊరందరికీ చెప్పే నేనే అది చూసుకోకపోవడం బాధగా అనిపించింది. చివరికి పనిచేసింది ఫ్యాను కాదు, వేళ మార్చడం. సాయంత్రపు వంట పొద్దున్నే ఏడు లోపే అయిపోతోంది, రాత్రికి అన్నం ఒక్కటే, కుక్కరులో, వంటింటి తలుపు మూసి, కిటికీ తీసి.

వట్టివేళ్ళ తడకలు తెప్పించి ఉత్తరం వరండాకి కట్టాం. పొడి పడమటి గాలి ఆడుతున్నంతసేపూ అద్భుతం. నీళ్ళు చల్లితే ఆ వాసనా, ఆ చల్లదనమూ మాటల్లో చెప్పలేం. ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు సుమారు 0.67 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడిని తీసుకుపోతుంది. కానీ గాలి సముద్రం వైపు తిరిగి తేమ పెరిగాక నీళ్ళు ఆరవు, గదిలో ఉక్కపోత రెట్టింపవుతుంది. కనిగిరి, ఉదయగిరి లాంటి మెట్ట ఊళ్ళలో రోజంతా పనికొచ్చే ఈ పద్ధతి సముద్రానికి దగ్గరున్న ఒంగోలు, కావలి, నెల్లూరులో మూడు నాలుగు గంటలే పనికొస్తుంది. నీళ్ళ కూలర్లకీ ఇదే లెక్క. ఇప్పుడు మాస్టారు తేమ మీటరు చూసి, 50 దాటగానే తడకలు చుట్టేస్తున్నారు.

మూడోది, రోజూ సాయంత్రం శ్లాబ్ మీద బకెట్లకొద్దీ నీళ్ళు పోయడం. ఇది వాళ్ళు ముందునుంచీ చేస్తున్నదే. చల్లబడుతుంది, కాదనను. కానీ పగుళ్ళున్న శ్లాబ్ మీద ఏళ్ళ తరబడి పోస్తే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. హాలు మూలన పెచ్చులూడిన చోట చువ్వ కనిపిస్తూనే ఉంది. పైగా కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే వీధి. సున్నం కొట్టాక మానేయించాను.

ఏమి మారింది

రోహిణి కార్తె మొదలైన మూడో రోజు, బయట నీడలో 42 డిగ్రీలు తాకిన రోజు, మళ్ళీ అదే నోటు పుస్తకంలో లెక్క రాశాం. రాత్రి ఏడున్నరకి శ్లాబ్ అడుగున 37, ముందు 43.5 ఉండేది. పడకగదిలో 34, ముందు 37.5. అర్ధరాత్రి కిటికీలు తీసి ఉండగా గదిలో 31.5, ముందు 35.5. తెల్లవారికి గది బయటితో దాదాపు సమానం. చలిగా ఏమీ లేదు, వేసవి వేసవిలాగే ఉంది. కానీ పిన్నిగారు పదింటికి పడుకుని నాలుగింటి దాకా నిద్రపోయారు. మాస్టారు ఆ రాత్రి గడిలో అంకె పక్కన "నిద్ర" అని రాసి కింద గీత గీశారు.

నిద్ర పట్టడం చిన్న విషయం కాదు. రాత్రి చల్లబడకపోతే ఒళ్ళు పగటి దెబ్బ నుంచి తేరుకోదు, రెండో రోజు, మూడో రోజు దెబ్బ మీద దెబ్బ. అందుకే వాతావరణ శాఖ పగలు 40 దాటి, రాత్రి కనిష్ఠం మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైన రాత్రుల్ని విడిగా లెక్కిస్తుంది. 2003లో, 2015లో మన రాష్ట్రంలో వడగాలులకి ఎంతమంది పోయారో ఈ వయసు వాళ్ళందరికీ గుర్తే.

ఖర్చు: సున్నం సామాను 2,300, కూలి 1,800, జాలీలు 3,600, తడికలు 2,500, లైటు, కమ్మీ 1,500. పనికిరాని ఎగ్జాస్ట్ ఫ్యాను 1,900, సగం పనికొచ్చే వట్టివేళ్ళు 2,200. మొత్తం 15,800 రూపాయలు.

ఏసీ వద్దని నేను చెప్పలేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పనులు చేసేవాళ్ళలో కొందరు ఏసీని తప్పు పనిలా మాట్లాడతారు. 71 ఏళ్ళ మనిషికి గాలి ఆడని, తేమ నిండిన రాత్రి ఏసీ విలాసం కాదు, అవసరం. కానీ రెండు టన్నులు అక్కర్లేదు, ఒక టన్ను చాలన్నాను. 43 డిగ్రీల శ్లాబ్ కింద ఏ ఏసీ అయినా రాత్రంతా శ్లాబ్‌తోనే కుస్తీ పడుతుంది, మీటరు గిర్రున తిరుగుతుంది. ఇప్పుడు 27 మీద పెట్టి, ఫ్యాను చిన్నగా తిప్పితే గంటలో గది కుదుటపడుతోంది. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలు ఆన్ చేయగానే 24 మీద మొదలయ్యేలా నిబంధన పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది. ఆ వేసవిలో వాళ్ళు ఏసీ వేసింది తొమ్మిది రాత్రులే. కరెంటు పోతే ఏం చేయాలో కూడా మాట్లాడుకున్నాం: తడి తువ్వాలు మెడకీ చేతులకీ, విసనకర్ర, ఉత్తరం వరండాలో నులక మంచం. మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా, ముందు 108కి ఫోన్, ఆ వెంటనే నీళ్ళు పోసి విసరడం మొదలుపెట్టాలి. బండి కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చోకూడదు.

మిగిలిపోయినవీ ఉన్నాయి. తెల్ల శ్లాబ్ మీద ఎండ మెరుపు ఎదురు డాబా వాళ్ళ కళ్ళల్లో కొడుతోందని మాట వచ్చింది. ఆ వైపు పిట్టగోడ మీద తడిక ఒకటి నిలబెట్టి సర్దాం. హాలు మూల పెచ్చులూడిన చోట మరమ్మతు ఇంకా చేయలేదు. సొర పాదు మొదటి ఏడు పందిరి దాకా ఎక్కలేదు, కోతులు పీకేశాయి. అక్టోబరు, నవంబరు వానలకి సున్నం చారలు చారలుగా పోయింది. పోతుందని ముందే చెప్పాను, ఏటా ఒక పూత తప్పదు.

ఈ ఏడు శివరాత్రి వెళ్ళిన వారానికి మాస్టారు పొద్దున్నే ఫోన్ చేశారు. డ్రమ్ములో సున్నం నానేశారట, పంచె కూడా తీసి పెట్టారట. పనివాళ్ళని ఎప్పుడు పంపిస్తావని అడిగారు. వెనక నుంచి పిన్నిగారి గొంతు వినిపించింది: "సాయంత్రం రమ్మని చెప్పండి, మజ్జానం వద్దు."